వలపటికి

బెల్టు బిగించుకోవాలి, ఎత్తు చూసుకోవాలి, చుట్టుపక్కల విమానాల్ని చూపే తెర మీద చుక్కల్ని గమనించాలి, తెలుగు మాట్లాడకూడదు. శిక్షణ విమానంలో అనిలకు బాలకృష్ణ సార్ పెట్టిన నియమాలివి.

కామారెడ్డి దాటి ఎల్లారెడ్డి వైపు మళ్లగానే తెర అరిచింది: “ట్రాఫిక్! ట్రాఫిక్!”

ఎదురుగా ఇంకో విమానం.

“టర్న్ రైట్!” అన్నాడు సార్.

అనిల చేతులు కొయ్యబారి స్టీరింగును పట్టేశాయి. సార్ తిప్పబోయినా కదల్లేదు. కుడేదో ఎడమేదో తోచలేదు.

“వలపటికి కొట్టు బిడ్డా, వలపటికి!” అని అరిచాడు సార్.

కాడికి కుడివైపు కట్టే ఎద్దును ఇంట్లో బాపు వలపటిదనే అంటాడు. చేతులు వాటంతటవే కుడికి తిరిగాయి. ఆ విమానం పక్కనుంచి దూసుకుపోయింది.

“సార్, మీరు... దున్నిండ్రా?”

“మాది గీ కిందున్న తాడ్వాయే. మా సాయిలన్న నాగలి పట్టిండు, నన్ను పుస్తకం పట్టుమన్నడు. రేడియో బందున్నదా? నా తెలుగు ఎవలన్న ఇంటరు.”

తల మీంచి విమానం పోతుంటే, ఆ సాయిలన్నను మీరూ ఒకసారి తలుచుకోండి.