చివరి కుర్చీ

"కొట్టిండా?" హెడ్ కానిస్టేబుల్ మొండయ్య తల ఎత్తకుండానే అడిగాడు.

"లేదు సార్."

"తిట్టిండా?"

"లేదు. కూసొని సూస్తున్నడు."

"సూస్తే కేసెట్లయితది బిడ్డా?"

శైలజ కోర్టు కాగితాన్ని మళ్లీ బల్ల మీద పరిచింది. మొగుడు లక్ష్మీరాజం ఆమె ఉండే ఇంటి ఛాయలకు కూడా రాకూడదని జడ్జి ఇచ్చిన ఉత్తర్వు అది. అమలు చేయమని ఠాణాకూ ఒక ప్రతి వచ్చింది. వచ్చింది గానీ, సకల జనుల సమ్మె బందోబస్తులో దాని ముఖం చూసిన నాథుడెవడు?

"కొడితె అది ఇంకో కేసంట సార్. వచ్చుడే నేరమని జడ్జమ్మ ఇడమర్సి చెప్పింది. మా ఇంటెదురుంగ దీక్ష టెంటు ఏసిన్రు గద, అండ్ల చివరి కుర్చీల కూసుంటున్నడు. తలుపేసుకొనే బీడీలు చుడుతున్న. కార్ఖానాకు పోలేక ఆకు సుత అయిపోయింది. మా గోడకానిచ్చి నీళ్ల రంజన్ కుండ పెట్టిన్రు. నీళ్లు తాగుతందుకని దర్వాజ దాక వస్తడు."

"నీళ్లు తాగుడు సుత నేరమేనా?"

"అందరికి కాదు. ఆయనకు నేరమే."

మొండయ్యకు చిర్రెత్తుకొచ్చింది. కోరుట్ల ఊరు ఊరంతా రోడ్డు మీదుంది. దీక్షలో కూర్చున్నవాణ్ని రెక్క పట్టి లేపితే ఇంకేమైనా ఉందా? టెంటు జోలికి పోవద్దని ఎస్సై పొద్దున్నే గట్టిగా చెప్పాడు. ఆ మాట చెవిలో మోగుతోంది. జడ్జి మాట కాగితంలో పడి ఉంది.

"ఉద్యమంల ఉన్న మనిషి. నీ కోసం కూసున్నడా, తెలంగాణ కోసం కూసున్నడా, నాకేం ఎరుక? ఇంటికి పో. సాయంత్రం నేనే అచ్చి తలుపు కొడత. గప్పటిదాక తియ్యకు."

వదిలించుకోవడానికి అన్న మాటే అది. ఆ పిల్ల మాత్రం నమ్మి, కాగితం మడుచుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"కూసున్నప్పుడు నయమే సార్. కుర్చీ ఖాళీగ కనవడ్డప్పుడే పానం పోతది."

ఆ మాట మొండయ్యను పట్టుకుంది. మధ్యాహ్నం టిఫిను విప్పి మళ్లీ మూసేశాడు. ఠాణాలో ఖాళీ కుర్చీ కనబడితే చాలు, చూపు అక్కడే ఆగిపోతోంది. ఇదెక్కడి పీడరా నాయనా అనుకుంటూ ఠాణా ప్రతి వెతికి తీసి, ఈసారి పూర్తిగా చదివాడు. ఆ పిల్ల చెప్పిందే నిజం. కొట్టేదాకా ఆగనక్కర్లేదు. ఇంటి ఛాయల్లోకి వస్తే చాలు, పట్టుకుపోవచ్చు. నిలువునా సిగ్గేసింది. ఎస్సైకి తర్వాత చెప్పుకోవచ్చులే అని లాఠీ కూడా తీసుకోకుండా బండి ఎక్కాడు.

టెంటు దగ్గర మైకులో పాటల హోరు. దీక్ష కన్వీనర్ రాజేశాన్ని పక్కకు పిలిచాడు.

"రాజేశం సార్, లొల్లి వద్దు. లక్ష్మీరాజం అనెటాయనను తీస్కపోత. ఉద్యమం ముచ్చట కాదు, ఆయన మీద కోర్టు ఆర్డరున్నది."

"ఆయనెవరు?"

"రోజు చివరి కుర్చీల కూసుంటడు సూడు."

రాజేశం పకపకా నవ్వాడు. "మీ మనిషిని మీరు తీస్కపోతె మేమెందుకు అడ్డమస్తం?"

"మా మనిషా?"

"ఇంక దాసిపెట్టుడేంది? మఫ్టీల పెట్టింది మీరు గాదా! ఒక్క నినాదం ఇయ్యడు, ఎవ్వలతోని మాట్లాడడు. ఇంటెలిజెన్సోడని మేం జోలికి పోలే. పైంగ చాయ్ పోసినం."

పోలీసువాడని వీళ్లు, ఉద్యమకారుడని పోలీసులు! ఎవరికీ కానివాణ్ని ఇన్నాళ్లూ ఇద్దరూ కలిసి ఆ ఇంటి ముందు కూర్చోబెట్టారు. మొండయ్య చివరి కుర్చీ వైపు తిరిగాడు. దాని మీద కండువా ఒక్కటే వేలాడుతోంది.

"ఏడి?" అన్నాడు.

"నిన్నటిదాక మాకు జర అనుమానమే ఉండె. ఇయ్యాల తీరింది," అంటూ రాజేశం ఎదురింటి మూసిన తలుపు వైపు చెయ్యి చూపించాడు. "మీ పేరే వాడుకుండు. జరసేపైంది. నేను రంజన్ కాడ నీళ్లు తాగుతున్న. ఆయన పోయి గా తలుపు కొట్టిండు. 'ఎవలు, మొండయ్య సారా?' అని లోపట్నుంచి ఆమె అడిగింది. 'ఆఁ' అన్నడు. ఎంటనే తీసింది."