ఓటడగని మనిషి

"కౌన్సెలర్ దగ్గరికి పోదాం" అంది రేఖ ఫోన్లో.

"మన కాపురానికి కౌన్సిలర్ ఎందుకు రేఖా? మనది మున్సిపాలిటీ కూడా కాదే" అన్నాడు చౌడప్ప.

వార్డు మనిషి కాదు, ఆలుమగల గొడవలు వినే మనిషి అని తెలిశాక ఆయన ముఖం మాడింది. జడ్పీటీసీకి నిలబడబోయే నాయకుడాయె! ఇల్లు కుందుర్పిలో, ఇల్లాలు చిలమత్తూరు పుట్టింట్లో. ఊరికి మాత్రం అత్తకు జబ్బని చెప్పుకున్నాడు.

ఇంట్లోనూ మైకు ఆయనదే, చప్పట్లు మాత్రం ఆమెవి. కొట్టీ కొట్టీ చేతులు నొప్పెట్టి రేఖ వెళ్లిపోయింది.

గుట్టు రట్టయితే కాపురంతో పాటు డిపాజిట్టూ గల్లంతే.

అనంతపురంలో కౌన్సెలర్ పద్మప్రియ మేడం ఎవరి పక్షమూ పట్టలేదు. తప్పెవరిదో తేల్చమంటే తేల్చలేదు. రేఖ మాట్లాడుతుంది, మీరు వినండి అని చౌడప్పకు చెప్పింది, అంతే.

బుద్ధెరిగాక మొదటిసారి విన్నాడు చౌడప్ప. విని, మీసం తడిసేలా ఏడ్చాడు.

కొన్నాళ్లకు ఉన్నట్టుండి, ఇకమీదట వాళ్ల కేసు తాను చూడకూడదని, హిందూపురంలో హేమ అనే ఇంకో కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమని మేడం చెప్పింది. కారణం అడిగితే ఇప్పుడు చెప్పలేనంది.

"మేం చెప్పుకున్నవన్నీ?"

"నా దగ్గరే ఉంటాయి సార్. అవి మీవి. ఇంకెవరికీ ఇవ్వను."

చౌడప్ప నమ్మలేదు. ఎవరో ఆమెను కొనేశారని దారంతా గొణిగాడు.

హిందూపురంలో మిగిలిన ముడులూ విడిపోయాయి. రేఖ ఇంటికొచ్చింది. పక్కన నిలబడి ఓట్లూ అడిగింది.

ఎదుట నిలబడ్డది జయచంద్ర. రాజకీయాలకు కొత్త, పట్నం నుంచి సొంతూరికి వచ్చినవాడు. అతను మైకు పట్టినప్పుడల్లా చౌడప్ప గొంతు ఎండిన బోరయ్యేది. ఇప్పుడంటాడు నా ఏడుపు సంగతి, ఇదిగో ఇప్పుడంటాడు! జయచంద్ర మాత్రం బోర్లూ, చెనిక్కాయ పంట బీమా తప్ప మాట్లాడలేదు.

ఆ ధైర్యంతో చౌడప్పే రెచ్చిపోయాడు.

"ఆయప్ప పెండ్లాం ఒక్క దినమన్నా వచ్చి ఓటడిగిందా? ఇంట గెలవనోడు రచ్చ గెలుస్తాడాప్పా?"

జనం నవ్వారు. రేఖ నవ్వలేదు.

చౌడప్ప గెలిచాడు. ఊరేగింపు కావాలనే జయచంద్ర ఇంటి ముందు ఆగింది. డప్పులు, టపాకాయలు. తలుపు తెరుచుకుంది.

జయచంద్ర వచ్చి చేయి కలిపాడు. వెనకే వచ్చినామెను చూపించి "మా ఇంటామె అన్నా" అన్నాడు.

పద్మప్రియ!

ముక్కూమొహం తెలియని మనిషికి పెట్టినట్టు నమస్కారం పెట్టిందామె.

చౌడప్ప చేయెత్తాడు. డప్పులు ఆగాయి. రేఖ వైపు చూశాడు. రేఖ తలూపింది.

"వినండప్పా. నా పెండ్లాం నన్ను విడిచి పుట్టింటికి పోయుండె. అత్తకు జబ్బనింది అబద్ధం. మా కాపురం నిలబడింది ఈయమ్మ వల్లనే. మొగుడు నా మీద పోటీకి దిగుతాడని తెలిసి మమ్మల్ని ఇంకొకామె దగ్గరికి పంపింది. మా మీద ఓటడగకూడదని ఇంట్లోనే ఉండింది. ఈమె నోరు తెరిచింటే నేనీ పొద్దు ఈడ ఉండను. కొట్టండి డప్పులు, ఈయమ్మకు కొట్టండి."

డప్పులు మోగాయి. ఊరంతా పద్మప్రియను చూస్తూ ఉంటే, తనను గెలిపించే మాట ఇన్నాళ్లూ తన ఇంట్లోనే ఉందని జయచంద్రకు అందరితో పాటు అప్పుడే తెలిసింది.