గురక ఆగితే

గురక ఆగింది.

మునిలక్ష్మి చాపమీద లేచి కూర్చుంది. చీకట్లో తడిమి మొగుడి రొమ్ముమీద చెయ్యి వేసింది. కదలిక లేదు. లోలోపల లెక్క పెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు... పన్నెండు దాటగానే భుజం పట్టి కుదిపింది.

"ఊఁ... ఏందే?"

"ఏం లేదు. అట్ల పక్కకు తిరుగు."

మునిరామయ్య నీళ్లలో మునిగి పైకి తేలినవాడిలా గుటకేసి ఊపిరి పీల్చాడు. పక్కకు తిరిగాడు. మళ్లీ గురక అందుకున్నాడు. తెల్లారితే ఇదేదీ అతనికి గుర్తుండదు. చెరకు తోటలో గట్టుమీద కూర్చుంటే కూర్చున్నచోటే తూగుతాడు.

మూర్ఛ ఉన్న ఇల్లు అది. ఆ సంగతి గడప దాటకుండా మొగుడూ పెళ్లాం, అత్త సిద్ధమ్మ, ముగ్గురే మూడేళ్లుగా కాపాడుకుంటున్నారు.

చిత్తూరు ఆసుపత్రిలో పాత డాక్టరు తెల్లమాత్రలిచ్చి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. యుద్ధం మూలాన ఈ మాత్రలు దొరకడమే గగనం, ఒక్క రాత్రి కూడా మానకూడదు, నిద్ర అసలే చెడకూడదు అన్నాడు. మాత్ర పడినన్నాళ్లూ మూర్ఛ జాడ లేదు. ఎనిమిది నెలలు చల్లగా గడిచాయి.

అంతలో ఒక మధ్యాహ్నం మునిరామయ్య అరుగుమీద కునుకు తీస్తుంటే ఊపిరి ఆగడం మునిలక్ష్మి కంటబడింది. పెదాలు నల్లబడ్డాయి. ఆమె అరిచి కుదిపితే గాని ఊపిరి తిరగలేదు.

ఆ రోజు నుంచి మాత్ర పడడం లేదు. పడితే మొద్దునిద్ర. ఆ మొద్దునిద్రలో ఊపిరి ఆగితే మనిషి దక్కుతాడా?

రోజుకొకటి చొప్పున పదకొండు మాత్రలు గూట్లోని ఖాళీ సున్నపుకాయలో చేరాయి.

"మాత్ర పడిందా లచ్చిమీ?" సిద్ధమ్మ రోజూ పడుకోబోయే ముందు అడిగేది.

"పడిందత్తా."

పగలు మునిలక్ష్మి కళ్లు మండేవి. పక్కింటి రాఘవమ్మ గోడమీదుగా తొంగి చూసింది.

"నీ మొగుని గురకకు మా గొడ్లు బెదరతాండాయి. ఏం ఇల్లమ్మా మీది! అత్త వండతాది, మొగుడు బాయి నుంచి నీళ్లు మోస్తాడు, కోడలు కూసోని గురకలు లెక్కేసుకుంటాది. కాళ్ల పారాణి ఇంకా ఆరలేదా నీకు?"

"ఆరలేదు పెద్దమ్మా. నువ్వొచ్చి ఇసురు," అంది మునిలక్ష్మి. నవ్వింది గాని లోపల చురుక్కుమంది. చెప్పుకోగలిగిన మాటైతే ఆ నోరు అక్కడే మూయించేది.

మంగళవారం పొద్దున భయపడ్డంతా అయింది. మూర్ఛ వచ్చింది. సిద్ధమ్మ తలుపు గడియ వేసింది. ఇనుప తాళంచెవి అరచేతిలో కుక్కి పిడికిలి బిగించి పట్టుకుంది. పక్కింటికి వినబడకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మునిలక్ష్మికి తెలిసేసరికి అంతా అయిపోయింది.

మునిరామయ్య బండికోసం బయటికి పోగానే సిద్ధమ్మ కోడలి ఎదుట కూర్చుంది.

"కాణిపాకం దేవుని మీద ఆన. సెప్పు. మాత్ర పడతాండాదా, లేదా?"

ఐరాల చుట్టుపక్కల ఆ దేవుడి మీద ఆన పెట్టాక అబద్ధమాడే గుండె ఎవరికీ లేదు.

"లేదత్తా," అంది మునిలక్ష్మి. "పడితే మొద్దునిద్ర. ఊపిరి ఆగినా తెలీదు."

సిద్ధమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎంత పని సేసినావే తల్లీ! ముందు డాకటేరు కాడికి పదండి. ఉండేది ఉన్నట్టు సెప్పండి."

పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సులో మొగుడూ పెళ్లాం చిత్తూరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆసుపత్రి వరండా నిండా ఆడవాళ్లే. జవాను పిలిచేవి మాత్రం అన్నీ మగవాళ్ల పేర్లు.

"మునిరామయ్యా! ఐరాల మునిరామయ్య!"

ఇద్దరూ లేచి లోపలికి పోయారు. పాత డాక్టరు బదిలీ అయిపోయాడట. కొత్తాయన చీటీ చూస్తూ అడిగాడు.

"మూర్ఛ ఎన్నాళ్ల నుంచి?"

"మూడేండ్లు సామీ," అన్నాడు మునిరామయ్య. "ఎనిమిది నెలలు రాకుండా ఉన్నింది. ఈ పొద్దున మల్లా వచ్చింది."

"నిద్ర ఎలా ఉంది?"

ఈసారి మునిలక్ష్మి నోరు విప్పింది. "నిద్ర యాడిది సామీ! గురక ఆగితే ఊపిరి ఆగుతాది. నేను తట్టి లేపతాండా. మాత్ర పడితే మొద్దునిద్రని పదకొండు దినాలుగా పడనీలేదు."

"రాత్రికి ఎన్నిసార్లు?"

"ముప్పై. ఒగోనాడు నలబై."

మునిరామయ్య ఆ లెక్క వినడం అదే మొదలు. తలతిప్పి పెళ్లాం మొహంలోకి చూశాడు.

డాక్టరు కలం కింద పడేశాడు. "నిద్ర చెడితే మూర్ఛ రాక ఏమవుతుందమ్మా? మాత్ర మాన్పించావు, పైగా రాత్రికి నలభైసార్లు లేపావు. జబ్బుకన్నా నువ్వే ఎక్కువ కీడు చేశావు. జబ్బు మనిషిమీద కాస్తయినా జాలి ఉండొద్దా?"

మునిలక్ష్మి తల వంచుకుంది. కంట్లోంచి ఒక బొట్టు కాలి వేలుమీద పడింది.

డాక్టరు సీసాలోంచి ఒక మాత్ర తీసి, గ్లాసుతో నీళ్లు ముందుకు జరిపి, "ఇదిగో, నా కళ్లముందే మింగు," అని మునిరామయ్య చేతికిచ్చాడు.

మునిరామయ్య దాన్ని పెళ్లాం అరచేతిలో పెట్టి, ఆ వేళ్లు వదలకుండా పట్టుకుని, "చీటీలో పేరే నాది సామీ, మూర్ఛ దీనిది," అన్నాడు.