వొదిలీ తల్లీ

"గుప్పిళ్ళు బిగించు తల్లీ. ఇంకా బిగించు... ఇప్పుడు వొదిలీ."

ఇయర్‌ఫోన్లలో ఆ గొంతు వినగానే ఝాన్సీకి కళ్ళు మూతలు పడ్డాయి.

పొందూరు నుంచి శ్రీకాకుళం వెళ్ళే బస్సు మెల్లగా ఊగుతోంది. కిటికీలోంచి వరిచేల గాలి. ఒళ్ళు దూదిలా తేలిపోతోంది.

ఝాన్సీ పని ల్యాబ్‌లో రక్తం తీయడం. ఆమధ్య సూది పట్టుకుంటే చాలు, చేతులు వణికేవి. ఉద్యోగం ఊడేదాకా వచ్చింది. అప్పుడు కౌన్సెలింగ్ సెంటర్ నర్సు పద్మకుమారి ఈ గొంతుని ఫోనుకి పంపింది. మూడు నెలల్లో ఆ వణుకు ఎటు పోయిందో!

ఎవరో మహానుభావుడు, చల్లగా ఉండాలి. ఈవేళ ఆయనే సెంటర్‌కి వస్తాడట. కాళ్ళకి దండం పెట్టుకోవాలని బయలుదేరింది.

"బుజాలు పైకెత్తు... వొదిలీ."

వదిలి, కళ్ళు తెరిచింది.

పక్క వరుసలో, మెడకి కండువా చుట్టుకున్న ముసలాయన ఆమెనే చూస్తున్నాడు. గుప్పిలి బిగించాడు, వదిలాడు. భుజాలెత్తి, దించి, నవ్వాడు. ఆమె భుజాలకేసి వేలు చూపించి, ఇంకా దించమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఝాన్సీకి ఒళ్ళు మండింది.

"ఏటా ఎక్కిరింపు?"

ముసలాయన గాభరాగా చేతులూపాడు. నోరు మెదిలింది గానీ మాట రాలేదు.

"తాగీసున్నాడేటో," అన్నాడు కండక్టరు. "దిగు మావా, దిగు. ఆడకూతుర్లతోటి ఏటిది?"

నడిరోడ్డు మీద, ఎండలో దిగిపోయాడాయన. దిగి, ఝాన్సీకి దండం పెట్టాడు.

పీడ విరగడైందనుకుంది ఝాన్సీ.

సెంటర్లో చాపలు పరిచి ఉన్నాయి. పదిమంది కూర్చుని ఎదురుచూస్తున్నారు.

"ఆయనేరి పద్మక్కా?"

పద్మకుమారి ముఖం వేలాడేసుకుని ఉంది.

"కూర్మయ్యగారు ఇంక రారమ్మా. ఇప్పుడే మెసేజి పెట్టినారు. బస్సులో ఓ పాప నా సైగలు సూసి జడుసుకున్నాది, నాకింక ఈ పనొద్దు అని."

ఝాన్సీ ఒక అడుగు ముందుకేసింది.

"సైగలా? ఆయన... మాటాడరా?"

"గొంతుకి ఆపరేషనై రెండేళ్ళయింది. సేతుల్తోనే నేర్పుతారు," అంది పద్మకుమారి, ఖాళీ చాపలు చుడుతూ. "మాట పోతాదని డాక్టర్లు సెప్పిన వారమే, నలుగురికీ పనికొస్తాదని నువ్వు రోజూ వింటన్న ఆ నాలుగు ముక్కలూ రికార్డు చేసిచ్చీసినారు."