మూడు మేకుల మీద బాతు

ఆ ముసలాయనను లోపలికి రానిస్తే ఆడబోమని ఇస్తారి చెప్పేశాడు.

ఫుట్‌బాల్ లీగ్ నడిపే వెంకటేశ్వర రావు సిటీలో, దార్సైట్‌లో ఉంటాడు. శుక్రవారం సాయంత్రాలు రుసైల్‌లో గోడౌన్ కూలీలుండే ఈ క్యాంప్‌కు వచ్చి మ్యాచ్‌లు పెట్టిస్తాడు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఆయన నిన్ను కొట్టాడా ఏంటయ్యా?"

"తిడుతుండు సార్."

"తిడితే ఒంటికి తూట్లు పడతాయా?"

"మమ్ములనే తిడుతుండు సార్. అవుతలోళ్లను ఒక్క మాటనడు."

అది నిజం. సీజన్ మొదలైన దగ్గర్నుంచి ఆ తెల్లాయన ప్రతి శుక్రవారం వస్తున్నాడు. ఏదో కన్సల్టెంట్ కంపెనీలో ఇంజనీరట. ఎంత ఉక్కపోసినా చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకునే ఉంటాడు. క్యాంప్ జట్టు ఏ గోల్ మీదికి దాడికి పోతుందో ఆ గోల్ వెనకే నిలబడతాడు. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి. ఆయన ఫ్లాస్క్ పట్టుకుని మైదానం చుట్టూ నడిచి, ఆ చివరికి చేరి, మళ్లీ మొదలుపెడతాడు.

ఇస్తారి కొట్టిన బంతి పక్కకు పోతే, కాళ్లు లారీలో మరిచిపోయి వచ్చావా అని అరిచాడు. పైకి పోతే, మా నాయనమ్మ ఇంతకన్నా బాగా కొట్టేది, పోయాక కూడా, అన్నాడు. ఇవన్నీ ఓంకార్ తెలుగులో చెప్పేవాడు. చెప్పొద్దన్నా చెప్పేవాడు. ఓంకార్ గోడౌన్‌లో క్లర్కు, జట్టులో వెనక వరస ఆటగాడు. ఇస్తారి లోడింగ్ పని చేస్తాడు, జట్టుకు కెప్టెన్. ఇద్దరిదీ జగిత్యాల పక్క.

"వాడు అజైబా ఆఫీసోళ్ల టీమ్ మనిషిరా," అన్నాడు ఇస్తారి. "కూలోళ్లు బంతాడితే సూడలేకపోతుండు."

జట్టుకు జెర్సీలు కూడా ఈ సీజన్‌లోనే వచ్చాయి. ఎవరో ఒక అట్టపెట్టె క్యాంప్ ఆఫీసు వరండాలో పెట్టి వెళ్లారు. లోపల పసుపు జెర్సీలు, ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉన్నాయి. ఛాతీ మీద మూడు మేకులు, వాటి మీద నిలబడ్డ బాతు, కింద 1887. మిగతా జట్లు వీళ్లను బాతులనడం మొదలుపెట్టాయి.

ఓంకార్ ఆ గుర్తును ఫోన్‌లో వెతికాడు. ఇంగ్లండ్‌లో హార్ల్‌వెల్ అనే చిన్న ఊరు. మేకుల కార్ఖానా కూలీలు పెట్టుకున్న క్లబ్. కల్లుదుకాణం లాంటి ఒకదాని వెనక గదిలో బట్టలు మార్చుకునేవాళ్లట. గడ్డి కోసేది, టికెట్లు చింపేది, టీ కాచేది ఊరివాళ్లే. పెద్ద లీగ్ మొహం ఎన్నడూ చూడలేదు. ఒక ఏడు మాత్రం పేరున్న జట్టునొకదాన్ని ఓడించారు. తర్వాత ముప్పై ఏళ్లు దాని గురించే మాట్లాడుకున్నారు. రెండేళ్ల కిందట క్లబ్ మూతపడింది. మైదానంలో గోడౌన్ కట్టారు.

"వాళ్ల గ్రౌండ్ల గోడౌన్ వచ్చింది. మన గోడౌన్లకు వాళ్ల బాతు వచ్చింది," అన్నాడు ఓంకార్.

రావు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. సరే, ఆయన రాడు, కానీ ఈ శుక్రవారం అజైబా ఆఫీసు జట్టు చేతిలో ఓడితే వచ్చే సీజన్ మీ చోటు వేరే కంపెనీ జట్టుకు పోతుంది, తర్వాత నా దగ్గరికి రావొద్దు, అన్నాడు. ఇస్తారి ఒప్పుకున్నాడు. ఆ నోరు లేకపోతే గెలుస్తామని అతని నమ్మకం.

శుక్రవారం మధ్యాహ్నం ఇస్తారి రూమ్‌లో బూట్లు కట్టుకుంటుంటే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్‌లో యాదవ్వ గొంతు.

"నీ మొకం మీద మన్ను వొయ్య, తిన్నవా లేదా? ఫోన్ జెయ్య శేతులు వడిపోయినయా?"

పక్క మంచం మీది తారిఖ్ లేచి కూర్చున్నాడు. పెషావర్ వాడు. ఆమె ఎవరు, నీ మీద అంత పగ ఏమిటని హిందీలో అడిగాడు. మా అమ్మ, అన్నాడు ఇస్తారి. తిట్టేది ఇంటివాళ్లనే, పరాయివాళ్లనైతే అండీ అంటుంది, అన్నాడు. ఆ మాటకు తనే నవ్వుకుని మైదానానికి పోయాడు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఫహద్ ముసలాయనను ఆపాడు. ఇస్తారి చూడాలనే అక్కడ నిలబడ్డాడు. ముసలాయన వాదించలేదు. ఎవరు చెప్పారని అడిగాడు. ఫహద్ గడ్డంతో ఇస్తారిని చూపించాడు. ముసలాయన ఇస్తారి మొహం చూడలేదు, ఛాతీ మీది బాతును చూశాడు. ఫ్లాస్క్ మూత బిగించి, కంచె వెంట నడిచి పోయాడు.

"మన బాతును చూసి నవ్విండా?" అన్నాడు ఓంకార్.

"లేదు."

"మరింక?"

"ఏం లేదు. పా."

ఆట మొదలైంది. గోల్ వెనక ఎవరూ లేరు. ఇస్తారి కొట్టిన మొదటి బంతి పక్కకు పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. రెండోది పైకి పోయింది. అతను గోల్ వెనక్కి చూసి, తల తిప్పుకున్నాడు. కుర్రాళ్లు నడుస్తున్నట్టు ఆడారు.

"ఆ ముసలోని మీద కోపానికన్న ఉరికేటోళ్లం," అన్నాడు ఓంకార్ విరామంలో.

రెండో సగంలో అజైబా వాళ్లు గోల్ కొట్టారు. అంతే. రావు వచ్చి ఇస్తారి భుజం తట్టాడు. రూల్ రూలేనయ్యా, అని కారెక్కాడు.

అందరూ పోయారు. ఇస్తారి బంతి సంచి భుజాన వేసుకుని గేటు దాటాడు. రెండో సగంలో తమ జట్టు దాడికి వెళ్లిన గోల్ వెనక, దూరంగా కంచె అవతల ముసలాయన ఇంకా నిలబడి ఉన్నాడు. ఇస్తారికి ఒళ్లు మండింది. ఓడిపోయినం, సంబరమైందా అని అడగడానికి సంచి కింద పడేసి దగ్గరికి పోయాడు.

చొక్కా చేతులు మోచేతి దాకా ఎగదోసి, రెండు చేతులా కంచెను పట్టుకున్న ఆ ముసలాయన ముంజేతి మీద, చర్మంతో పాటు ముడతలు పడ్డ పచ్చబొట్టు: మూడు మేకుల మీద బాతు, కింద 1887.