ఇనుప కొక్కెం

“ఈ ప్లేటు యాడికెళ్లి తెచ్చినవ్?”

జీపు కింద పడుకుని పని చేస్తున్న మెకానిక్ రామనర్సయ్య తల బయటపెట్టాడు.

ఎదురుగా ఓ ముసలాయన. భుజాన గోనెపట్టా, చేతిలో బస్తాలెత్తే ఇనుప కొక్కెం.

రామనర్సయ్య తేలు కుట్టిన దొంగలా తల మళ్లీ జీపు కిందికి లాక్కున్నాడు.

జీపు జితేందర్‌ది. గరిడేపల్లి అవతల వాళ్ల తండాకు పోయే దారి నిండా రాళ్లే. పోయిన నెల ఓ రాయి తగిలి ఇంజన్ కింద ఆయిల్ ఛాంబర్ పగిలింది. అందుకే ఇవాళ హుజూర్‌నగర్ వచ్చి, ఇంజన్‌కు అడుగున రక్షణగా మందపాటి ఇనుప ప్లేటు బిగిపించుకుంటున్నాడు. కొత్తది దొరకలేదు. పాతదే, నల్లరంగు వేసి ఉంది.

భార్య సింధుకు ఎనిమిదో నెల. నొప్పులొచ్చిన రోజు బండి నడిదారిలో ఆగిపోతే? నెల రోజులుగా జితేందర్‌కు అదే భయం.

ముసలాయన వంగి, ప్లేటు మీది రంగును గోటితో గీకాడు.

“బిడ్డా, ఇది బిగిపిచ్చుకోకు.”

“ఎందుకు?”

ముసలాయన ప్లేటు వంక వేలు చూపించాడు. ఏదో చెప్పబోయాడు.

“నువ్వు పోవయ్యా ఈడికెళ్లి!” రామనర్సయ్య కసిరాడు. ఆనక జితేందర్ చెవిలో, “రెండేండ్ల సంది జర మతి లేదు. పట్టించుకోకు తమ్మీ” అన్నాడు.

ముసలాయన కదల్లేదు. కుర్చీలో కూర్చున్న సింధు కడుపు వంకే చూస్తున్నాడు.

“ఎటు దిక్కు పోతున్నరు?”

సింధు భయపడి కొంగు కప్పుకుంది.

“నీకెందుకు? నడువ్!” జితేందర్ కేకేశాడు.

నాలుగో బోల్టూ బిగిసింది.

“ఇగ రాయి కాదు, గుట్ట తగిలినా ఏం గాదు” అన్నాడు రామనర్సయ్య.

ఊరు దాటారో లేదో సింధు అద్దంలో చూసి గతుక్కుమంది.

“ఎనకాల... ఆ ముసలోడు!”

పాత టీవీఎస్ బండి మీద వస్తున్నాడు. ఎడమచేత్తో కొక్కెం ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. జీపు అద్దాలు ఎక్కించి ఉన్నాయి. ఒక్క మాటా వినిపించలేదు.

“ఆపకు. దండం పెడతా, ఆపకు.”

మిట్టమధ్యాహ్నం. కోతల కాలం కావడంతో సగం రోడ్డు పొడవునా వడ్లు ఆరబోశారు. మిగిలిన సగంలో ఓ ధాన్యం ట్రాక్టర్ ముందు నత్తనడక నడుస్తోంది. హారన్ కొట్టినా తప్పుకోలేదు. టీవీఎస్ దగ్గరైంది.

“గిది ఫోర్‌వీల్ బండి. మడిల దింపుత. వాడెట్ల వస్తడో సూద్దాం.”

మిషన్ కోసి వదిలేసిన మడి. ఎండుగడ్డి వరుసలు వరుసలుగా పడి ఉంది. జీపు ఆ వరుసల మీదుగానే దూసుకుపోయింది. అడుగున గడ్డి బరబరా రాసుకుంటోంది.

వెనక్కి చూస్తే, ముసలాయన బండిని రోడ్డు మీదే పడేసి పరుగెత్తుకొస్తున్నాడు. కొక్కెం పైకెత్తి.

సింధు రెండు చేతులా కడుపు పట్టుకుంది. గట్టు దగ్గర జితేందర్ కాలు క్లచ్ మీంచి జారింది. బండి ఆగిపోయింది. తాళం తిప్పాడు. మళ్లీ తిప్పాడు. అంతలో ముసలాయన వచ్చేశాడు.

తలుపు దగ్గరికి రాలేదు. తిన్నగా బండి కిందికి దూరాడు.

“బ్రేకు పైపు కోస్తున్నడు!” జితేందర్ అరిచాడు.

పానా పట్టుకుని దూకాడు. కొక్కెం పట్టిన కుడిచేతి మీద బలంకొద్దీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది.

ముసలాయన కొక్కెం ఎడమచేతికి మార్చుకున్నాడు.

“బిడ్డను దింపు. ముందుగాల బిడ్డను దింపు!”

అప్పుడు చూశాడు జితేందర్. ప్లేటు అంచుల్లోంచి పొగ వస్తోంది. ప్లేటుకూ ఇంజన్‌కూ నడుమ కుక్కినట్టు చేరిన ఎండుగడ్డి, సైలెన్సర్ వేడికి అంటుకుంది. ఆ పైనే డీజిల్ పైపు.

పై ప్రాణాలు పైనే పోయాయి. సింధును దింపి, గట్టు అవతలికి తీసుకుపోయాడు.

ముసలాయన మండే గడ్డిని కొక్కెంతో లాగుతూనే ఉన్నాడు. జితేందర్ పిల్లకాలువలోంచి దోసిళ్లతో బురద తెచ్చి పోశాడు. ఎంతసేపటికో పొగ ఆగింది.

“తాతా, తప్పయింది. దవాఖానకు పోదాం రా.”

“గడ్డి కాలంల ఇది ఇప్పి పెట్టు బిడ్డా.” అంతే అన్నాడాయన.

“ఏమయ్యా, నొప్పిలేస్తున్నది...” సింధు మూలిగింది. జితేందర్ అటు ఉరికాడు. మళ్లీ తిరిగి చూసేసరికి ముసలాయన లేడు.

ఆటోలో తీసుకెళ్తే, కంగారుకు వచ్చిన నొప్పేననీ, కాన్పుకు ఇంకా టైముందనీ దవాఖానలో చెప్పారు. బిడ్డ క్షేమం. ముసలాయన పేరైనా అడగలేదని జితేందర్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ప్లేటు విప్పి తెచ్చి రామనర్సయ్య ముందు పడేశాడు. వేడికి కొత్త రంగు పెచ్చులు లేచింది. దాని కింద పాత మసి.

“ఆ తాత ఇల్లు యాడ అన్నా? కాళ్ల మీద పడాలె.”

“తాళమేసి ఉన్నది. చేతికి కట్టు కట్టిచ్చుకొని మిర్యాలగూడ బస్సెక్కిండట. గౌరయ్య రైస్ మిల్లుల హమాలీ గద. ఇగ బస్తాలేం ఎత్తుతడు?”

జితేందర్ అతని భుజం పట్టుకుని కుదిపాడు.

“నిజం చెప్పు. ఆయనకు మతి లేదా?”

రామనర్సయ్య తలెత్తలేదు. మసి పట్టిన ప్లేటు వంకే చూస్తూ అన్నాడు.

“రెండేండ్ల కింద ఆయన కొడుకు నడిపిన జీపుది ఈ ప్లేటు. మడిల పొగ సూసి, అప్పుడు గూడ గిట్లనే కొక్కెం పట్టుకొని ఉరికిండు తమ్మీ... అందుకోలేకపోయిండు.”