వచ్చినావా, కూచో

రామనాథం శెట్టి గోడకు విసిరిన కాఫీ గ్లాసు కూతురు వర్షిణి నుదుటికి తగిలింది.

మూడు కుట్లు పడ్డాయి. వర్షిణి పెట్టె సర్దుకొని ప్యాపిలిలో మేనత్త ఇంటికి పోయింది.

"నీ కోపం చచ్చినాక ఫోన్ చెయ్ నాయనా. వస్తా."

రామనాథం నంద్యాలలో ధ్యానం క్లాసుకు చేరాడు. కండ్లు మూస్తే చాలు, కోపం ఇంకా పొంగేది. క్లాసు వాళ్లు ఆళ్లగడ్డలో బుద్ధుడి విగ్రహం చెక్కమని చెప్పి ఉన్నారు. అది ఎంతవరకు వచ్చిందో చూసి రమ్మని ఆదివారం ఆయన్ను పంపారు.

శిల్పి సుందరరాజు షెడ్డుకు ఆ రోజు సెలవు. ఒక ముసలాయన మాత్రం ఉప్పుకాగితంతో బుద్ధుడి చెంప రుద్దుతున్నాడు.

"నెలైంది. ఇంకా రుద్దుతానే ఉండావేందయ్యా?" గదమాయించాడు రామనాథం.

"యాడ నుంచి?"

"నంద్యాల. బట్టలంగడి రామనాథం."

ముసలాయన చెయ్యి ఆగింది.

"వచ్చినావా రామనాథం? కూచో."

నంద్యాలలో ఆయన్ను శెట్టి అనకుండా పిలిచే మొగోడు లేడు. తిట్టు నోటిదాకా వచ్చింది. ఆ గొంతులో ఎగతాళి లేదు, భయమూ లేదు. కూర్చున్నాడు.

"శాంతిబొమ్మ కోసరం వచ్చి అరుస్తాండావే!"

"అదే నా రోగమప్పా. ఆ కోపంలోనే బిడ్డ నుదురు పగలగొట్టినా. మింగినా పోదు, తరిమినా పోదు."

"తరమాకు. తరిమితే ఎనుబోతు మాదిరి తిరగబడతాది. పేరు పెట్టి పిలువు. వచ్చినావా, కూచో అను. నీ పని నువ్వు చేసుకుంటా ఉండు. కాసేపటికి అదే లేచి పోతాది."

"పోతాదా?"

"మళ్లా వస్తాది. మళ్లా కూచోమను."

"ఇదంతా ఎవరు నేర్పినారు?"

"నేను చర్చికి పోయేటోన్ని. ఈయప్ప మొగం రుద్ది రుద్ది, ఈయప్ప గాలి తగిలింది."

ఉప్పుకాగితం నీళ్లలో ముంచుతూ ముసలాయనే అడిగాడు.

"బయటోళ్లను గూడా కొట్టినావా?"

"ఏడేండ్ల కింద, అంగట్లో పనిచేసే పిల్లను. పట్టుచీర ఎత్తుకపోయిందని నలుగురిలో చెంప మీద కొట్టినా. నాలుగు దినాలకు చూస్తే ఆ చీర అద్దాల ఎనక బొమ్మకే కట్టి ఉండాది."

"ఆ మాట ఆ పిల్లకు చెప్పినావా?"

"యాడ? మళ్లా పనికి రాలే."

"పేరేంది?"

రామనాథం తల గోక్కున్నాడు.

"మతికి రాలేదప్పా."

ముసలాయన బుద్ధుడి చెంప మీద నీళ్లు తుడిచి, మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం రామనాథం ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ప్రతిసారీ అదే పిలుపు. "వచ్చినావా రామనాథం? కూచో."

నాలుగు నెలలకు ఆయన అరుపులు ఆగాయి. ప్యాపిలికి ఫోన్ చేశాడు. వర్షిణి వచ్చింది.

ఆ ఆదివారం అంగట్లోని మంచి పంచె ఒకటి సంచిలో పెట్టుకొని షెడ్డుకు పోయాడు. ఇంకా పని ముగియని బుద్ధుడి ముందు సుందరరాజు కూర్చొని ఉన్నాడు. ఎన్నడూ రామనాథాన్ని చూసినవాడు కాదు.

"ఈడ ఒక ముసలాయన ఉండాల..."

"మత్తయి తాతనా? బుధవారం కన్ను మూసినాడన్నా."

ముసలాయన పేరు రామనాథం వినడం అదే మొదలు.

"పాపం, కూతురు జీవమ్మను నంద్యాల బట్టలంగట్లో దొంగను చేసి కొడితే, కుందూ ఏట్లో దూకి సచ్చిపాయె," అన్నాడు సుందరరాజు, రాతి మీద దుమ్ము ఊదుతూ. "ఆ పొద్దు నుంచి ఏడేండ్లు, ఎదురుగా ఎవరూ లేకున్నా, రాయి రుద్దుకుంటా ఒకటే మాట అంటాండె: 'వచ్చినావా రామనాథం? కూచో.'"